మోకాలి పక్కన స్విచ్, వెనకాల పెడల్

ప్రశ్న: నేను ఎలక్ట్రిక్ మాండలిన్ వాయిస్తాను. గుళ్లలో, పెళ్లిళ్లలో కచేరీలు చేస్తుంటాను. నా దగ్గర బాస్ కంపెనీ కోరస్ పెడల్ (ఒక వాయిద్యమే నాలుగైదు కలిసి మోగినట్టు వినిపింపజేసేది) ఒకటి, ఒక మిత్రుడు చేత్తో చేసిచ్చిన బూస్ట్ పెడల్ (శబ్దాన్ని పెంచేది) ఒకటి ఉన్నాయి. మఠం వేసుకుని కూర్చుని వాయిస్తాను కాబట్టి కాలితో నొక్కే వీలు లేదు. పక్కన పెట్టుకుని చేత్తో నొక్కుదామంటే వైర్లన్నీ మృదంగం ఆయన ముందుకు వస్తున్నాయి. పైగా ‘వేదిక మీద ఆ లైట్ల డబ్బాలు కనిపించకూడదు’ అని మా గురువుగారు అన్నారు. పెడల్స్‌ని వెనకాల ఆంప్లిఫయర్ దగ్గరే ఉంచి, మోకాలి దగ్గర చిన్న స్విచ్ పెట్టుకోవచ్చా? పెడల్ విప్పాలంటే టెన్షన్‌గా ఉంది, పాడైతే మళ్లీ కొనే స్తోమత లేదు. సాల్డరింగ్ కొంచెం వచ్చు.
– ఒక మాండలిన్ కళాకారుడు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: తప్పకుండా పెట్టుకోవచ్చు. మీ ఉత్తరం చదివి నాకు చాలా సంతోషం కలిగింది. వాయిద్యం శబ్దాన్ని మార్చే ఈ పెడల్స్ అన్నీ నిలబడి గిటార్ వాయించేవాళ్ల కాలి కొలతకి చేసినవి. కింద కూర్చుని వాయించేవాళ్లు ఉంటారని వాటిని తయారు చేసినవాళ్లు అనుకోలేదు. మీ జిల్లా పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్‌ని కర్ణాటక కచేరీ వేదిక మీద కూర్చోబెట్టారు. ఆ దారిలో వచ్చిన మీలాంటివాళ్లకి ఈ ఇబ్బంది రావడం సహజం. దానికి పరిష్కారం కూడా కష్టమైనదేమీ కాదు.

అయితే మీ రెండు పెడల్స్ ఒక జాతివి కావు. బయటికి రెండూ ‘నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్’ లాగే కనిపిస్తాయి కానీ లోపల పని జరిగే తీరు పూర్తిగా వేరు. ఇంట్లో ఉండే రెండు స్విచ్‌లని గుర్తు చేసుకోండి. కాలింగ్ బెల్ స్విచ్ నొక్కినంతసేపే కలుస్తుంది, వదిలేస్తే విడిపోతుంది. లైటు స్విచ్ ఎటు వేస్తే అటే ఉండిపోతుంది. మీ కోరస్ పెడల్‌లో ఉన్నది కాలింగ్ బెల్ రకం, బూస్ట్ పెడల్‌లో ఉన్నది లైటు స్విచ్ రకం. ఈ తేడా తెలియక ఒకదానికి చేసిన పని రెండోదానికి కూడా చేసి పెడల్ పాడు చేసుకున్నవాళ్లని చూశాను.

ముందు కోరస్ సంగతి. బాస్ కాంపాక్ట్ పెడల్స్ 1977లో వచ్చిన ఓడీ-1 లాంటి పెడల్స్‌తో మొదలయ్యాయి. అప్పటి నుంచి ఈ రకం పెడల్స్‌లో మీరు కాలితో తొక్కే రేకు కింద ఉండేది ఒక చిన్న నొక్కుడు స్విచ్ మాత్రమే. మాండలిన్ శబ్దం ఆ స్విచ్‌లోంచి వెళ్లదు. అది లోపలి సర్క్యూట్‌కి ‘మార్చు’ అని ఒక మాట చెబుతుంది, అంతే. లోపల ఒక జత ట్రాన్సిస్టర్లు ఉంటాయి, ఒకటి మేలుకుంటే రెండోది నిద్రపోతుంది. మీరు నొక్కిన ప్రతిసారీ ఆ రెండూ స్థానాలు మార్చుకుంటాయి. వాటి మాట విని ఎఫ్‌ఈటీలు అనే ఇంకో రకం ట్రాన్సిస్టర్లు తలుపుల్లా తెరుచుకుంటూ, మూసుకుంటూ శబ్దాన్ని ఇటో అటో పంపిస్తాయి. ఐబనేజ్ కంపెనీ ట్యూబ్ స్క్రీమర్ లాంటి పెడల్స్‌ది కూడా ఇదే పద్ధతి. కొత్త డిజిటల్ పెడల్స్‌లో ఆ ట్రాన్సిస్టర్ల జత బదులు చిప్ ఉండొచ్చు, కానీ స్విచ్ చేసే పని అదే.

కాబట్టి మీరు చేయాల్సింది ఒక్కటే. ఆ చిన్న స్విచ్ రెండు కాళ్ల నుంచి రెండు వైర్లు తీసి ఒక జాక్‌కి కలపాలి. ఆ జాక్‌లో పెట్టిన వైరు చివర ఇంకో కాలింగ్ బెల్ రకం స్విచ్ ఉండాలి. ఒకే బెల్‌కి గేటు దగ్గర ఒకటి, గుమ్మం దగ్గర ఒకటి స్విచ్‌లు పెట్టినట్టే. ఏది నొక్కినా కోరస్ మారుతుంది. పాత స్విచ్ తీసేయక్కర్లేదు, బోర్డు మీది రాగి గీతలు (ట్రాక్‌లు) కోయక్కర్లేదు.

జాక్ కోసం డబ్బాకి కన్నం వేసే తొందరలో పడకండి. ముందు అడాప్టర్, బ్యాటరీ, వైర్లు అన్నీ తీసేసి మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టండి. ఒక ముల్లు ఇన్‌పుట్ జాక్ బయటి లోహానికి, అంటే గ్రౌండ్‌కి, తాకించి ఉంచి రెండో ముల్లుతో స్విచ్ కాళ్లని ఒక్కొక్కటిగా తాకండి. ఒక కాలు దగ్గర బీప్ వస్తే అది గ్రౌండ్. జాక్‌లో బయటి ట్యాగ్‌కి దాన్ని, కొన ట్యాగ్‌కి రెండో కాలుని కలపాలి. రెండు కాళ్లలో ఏదీ గ్రౌండ్ కాకపోతే కంగారు పడకండి, కాకపోతే లోహపు జాక్ వాడకూడదు. దాని ఒళ్లు పెడల్ డబ్బాకి తగిలి గ్రౌండ్ అయిపోతుంది. ప్లాస్టిక్ ఒళ్లున్న జాక్ తీసుకోండి. నిజానికి నేనైతే ఎలాగైనా ప్లాస్టిక్‌దే వాడతాను, ఆ బెంగే ఉండదు.

తర్వాత రెండు సన్నటి వైర్లు ఆ కాళ్లకి సాల్డర్ చేసి, రెండో చివరలు బయటికి వదిలేసి, పెడల్ ఆన్ చేసి మాండలిన్ పెట్టండి. ఆ రెండు కొసలు ఒకదానికొకటి తాకించండి. కోరస్ రావాలి. మళ్లీ తాకిస్తే పోవాలి. కాళ్లకి ఇనుము మూడు సెకన్లకి మించి ఆనించకండి, ఆ స్విచ్ లోపలంతా ప్లాస్టిక్. ఈ పరీక్ష పాసైతే మీ పని ముప్పాతిక అయిపోయినట్టే. ఇక్కడిదాకా పెడల్‌కి శాశ్వతమైన మార్పు ఏదీ చేయలేదు, వద్దనుకుంటే వైర్లు ఊడదీస్తే సరి. పెడల్ ఇంకా వారంటీలో ఉంటే మాత్రం విప్పే ముందు ఆలోచించుకోండి.

కన్నం ఎక్కడ వేయాలన్నదే చాలామందికి తలనొప్పి. ఈ పెడల్స్ లోపల చోటు చాలా తక్కువ. రేకు కింద బ్యాటరీ ఉండే గది ఒక్కటే కాస్త ఖాళీ. మీరు అడాప్టర్ మీదే నడుపుతుంటే బ్యాటరీ వదులుకుని ఆ గది గోడకి 3.5 మిల్లీమీటర్ల చిన్న జాక్ పెట్టుకోండి. జాక్ పడుతుందో లేదో చూడటానికి నాకు బాగా పనికొచ్చిన పద్ధతి చెబుతాను. చపాతీ పిండి కొంచెం గట్టిగా కలిపి ముద్ద చేసి, పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి, జాక్ రావాల్సిన చోట పెట్టండి. రేకు మూసి, కాలితో తొక్కినంత గట్టిగా చేత్తో నొక్కి, మళ్లీ తెరవండి. ముద్ద ఎక్కడ ఎంత మందం మిగిలిందో అదే మీకు ఉన్న చోటు. స్కేలుతో కొలిచి జాక్ పక్కన పెట్టి చూసుకోండి. రేకు కిందికి దిగినప్పుడు జాక్‌కి గాని దాని వైర్లకి గాని తగలకూడదు.

డ్రిల్ చేసే ముందు సర్క్యూట్ బోర్డుని డబ్బాలోంచి బయటికి తీసేయండి. ఈ మాట మాత్రం దయచేసి వినండి. బోర్డు లోపలే ఉంచి గుడ్డ కప్పి డ్రిల్ చేస్తే సరిపోతుందని అనిపిస్తుంది. అల్యూమినియం పొట్టు వెంట్రుకంత సన్నగా ఉంటుంది, గుడ్డ కింద దూరుతుంది, చిప్ కాళ్ల మధ్య ఇరుక్కుని ఎప్పుడో కచేరీ మధ్యలో షార్ట్ చేస్తుంది. ముందు 3 మిల్లీమీటర్ల బిట్‌తో చిన్న కన్నం వేసి, తర్వాత మెల్లగా పెంచుకుంటూ వెళ్లండి. చిన్న జాక్‌కి సుమారు 6 మిల్లీమీటర్లు చాలు. కొన్న జాక్ మరని కొలిచి చూసుకున్నాకే చివరి బిట్ ఎక్కించండి.

ఇంకో జాగ్రత్త. మీరు పొడవాటి వైరు తగిలించగానే అది ఏరియల్‌లా కూడా పనిచేస్తుంది. ఫంక్షన్ హాల్లో ఎవరో ట్యూబ్‌లైట్లు వేసినప్పుడో, జనరేటర్‌కి మార్చినప్పుడో దానంతట అదే కోరస్ మారిపోవచ్చు. అందుకే షీల్డ్ (చుట్టూ లోహపు అల్లిక) ఉన్న వైరు వాడి, లోపల జాక్ రెండు ట్యాగ్‌ల మధ్య 0.01 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ ఒకటి సాల్డర్ చేయండి. మైకులకి వాడే వైరు మిగిలి ఉంటే అది చక్కగా సరిపోతుంది. మూడు, నాలుగు మీటర్లు ఏమీ లెక్కలోకి రాదు, అందులో వెళ్లేది ‘మార్చు’ అన్న మాటే కాబట్టి మీ స్వరం రవ్వంత కూడా మారదు.

ఇప్పుడు బూస్ట్ పెడల్. మిత్రుడు చేసిచ్చిందన్నారు కాబట్టి వెనక మూత విప్పితే తొమ్మిది కాళ్ల స్విచ్ కనిపిస్తుందనుకుంటున్నాను. త్రీపీడీటీ అంటారు. మూడేసి కాళ్లు మూడు వరసలు. ఇక్కడ స్విచ్ మాట చెప్పి ఊరుకోదు. మాండలిన్ శబ్దమే దాని కాళ్లలోంచి పోతుంది, బూస్ట్‌లోకి వెళ్లాలో, నేరుగా బయటికి పోవాలో అక్కడే తేలుతుంది. ఈ స్విచ్‌ని ఊడదీసి పొడవాటి వైర్లతో మోకాలి దగ్గరికి తెచ్చుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. పన్నెండేళ్ల కిందట ఒక మిత్రుడి డిస్టార్షన్ పెడల్‌కి అదే చేశాను. నాలుగు మీటర్ల వైరు లాగి, అందంగా పెట్టె కట్టి ఇచ్చాను. ఆన్ చేయగానే పెడల్ ఈల వేసింది. లోపలికి వెళ్లే సన్నటి శబ్దం, బయటికి వచ్చే పెద్ద శబ్దం ఒకే కట్టలో పక్కపక్కనే పోతుంటే పెద్దది చిన్నదానిలోకి దూరి గుండ్రంగా తిరుగుతుంది, అదే ఆ ఈల. ఆఫ్‌లో ఉంచినా ఇంకో నష్టం. మామూలు గిటార్ వైరుకి మీటరుకి సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. నాలుగు మీటర్లు వెళ్లి, నాలుగు మీటర్లు తిరిగొస్తే 800. బ్యాటరీ లేని మామూలు పికప్‌కి (తీగల కదలికని కరెంటు సంకేతంగా మార్చే భాగానికి) అంత భారం పడితే తీగ మీటిన మొదటి క్షణంలో వినిపించే ఆ తళుకు పోయి శబ్దం మొద్దుబారుతుంది. మాండలిన్‌కి ప్రాణమే ఆ తళుకు. కాబట్టి శబ్దం ఉన్న వైర్లని పెడల్ దాటి బయటికి తీయొద్దు.

దీనికి మందు రిలే, అంటే చేతితో కాకుండా కరెంటుతో మారే స్విచ్. శబ్దాన్ని మార్చే పని పెడల్ లోపలే రిలే చేస్తుంది, రిలేకి కరెంటు ఇవ్వాలా వద్దా అన్నది మీ మోకాలి దగ్గర స్విచ్ చెబుతుంది. 5 వోల్టుల డీపీడీటీ (రెండు జతల కాంటాక్టులున్న) సిగ్నల్ రిలే కావాలి. పానసోనిక్ టీక్యూ2-5వీ అయితే సుమారు 28 మిల్లీఆంపులే తీసుకుంటుంది. చూడటానికి ఇలాగే ఉండి 100 మిల్లీఆంపులు లాగేవి కూడా ఉంటాయి. 9 వోల్టుల నుంచి 5 చేయడానికి వాడే 78ఎల్05 రెగ్యులేటర్ గరిష్ఠ పరిమితే 100, కాబట్టి అవి వద్దు. హైదరాబాద్ వచ్చే పని ఉంటే కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒకే చోట కొనుక్కోవచ్చు. ఒక్క మాట, రిలే పెట్టాక ఈ పెడల్‌ని బ్యాటరీ మీద నడపకండి. బూస్ట్ ఆన్‌లో ఉన్నంతసేపూ రిలే తాగుతూనే ఉంటుంది.

రిలేలో రెండు జతల కాంటాక్టులు ఉంటాయి. మొదటి జత మధ్య కాలు బూస్ట్ సర్క్యూట్ ఇన్‌పుట్‌కి. రిలే పడుకున్నప్పుడు, అంటే దానికి కరెంటు లేనప్పుడు, అది కలిసే కాలు గ్రౌండ్‌కి, కరెంటు వచ్చి లేచినప్పుడు కలిసే కాలు ఇన్‌పుట్ జాక్‌కి. రెండో జత మధ్య కాలు అవుట్‌పుట్ జాక్‌కి. పడుకున్నప్పుడు కలిసేది నేరుగా ఇన్‌పుట్ జాక్‌కి, లేచినప్పుడు కలిసేది సర్క్యూట్ అవుట్‌పుట్‌కి. ఇలా కలిపితే బూస్ట్ ఆఫ్‌లో ఉన్నప్పుడు దాని నోరు గ్రౌండ్‌కి మూసుకుపోయి ఉంటుంది, వెనకనుంచి గుసగుసలు రావు. ఏ కారణం చేతైనా రిలే ఆగిపోయినా మాండలిన్ శబ్దం నేరుగా బయటికి వస్తూనే ఉంటుంది. కచేరీలో ఇది పెద్ద ధైర్యం. రిలే కాయిల్‌కి (దాన్ని లేపే లోపలి తీగచుట్టకి) అడ్డంగా 1ఎన్4148 డయోడ్‌ని తిరగేసి, అంటే గీత ఉన్న వైపు ప్లస్‌కి వచ్చేలా పెట్టడం మర్చిపోకండి. అది లేకపోతే కాయిల్ ఆగిన ప్రతిసారీ స్పీకర్లో టప్‌మంటుంది. అది పెట్టాక కూడా చిన్న టప్ మిగిలితే పెడల్ ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల నుంచి గ్రౌండ్‌కి చెరొక 1 మెగాఓమ్ రెసిస్టర్ వేయండి.

ఇక స్విచ్. పెడల్ మీదున్న పాత స్విచ్, మోకాలి స్విచ్ రెండూ పనిచేయాలంటే చిప్‌లు, ప్రోగ్రాములు పెట్టేవాళ్లున్నారు. మీకు అవన్నీ అక్కర్లేదు. మేడ మెట్ల లైటుకి కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్ ఉంటాయి కదా. ఎక్కడ వేసినా లైటు మారుతుంది. అదే వైరింగ్ ఇక్కడ చేయండి. రిలే కాయిల్ ఒక చివర 5 వోల్టులకి. రెండో చివర పాత త్రీపీడీటీలో ఏదో ఒక వరస మధ్య కాలుకి. ఆ వరసలో అటూ ఇటూ ఉన్న రెండు కాళ్లు ఒక స్టీరియో జాక్ కొన ట్యాగ్‌కి, నడిమి రింగ్ ట్యాగ్‌కి. జాక్ బయటి ట్యాగ్ గ్రౌండ్‌కి. మోకాలి పెట్టెలో నొక్కితే నిలిచిపోయే మూడు కాళ్ల స్విచ్ పెట్టి, దాని మధ్య కాలు గ్రౌండ్‌కి, మిగతా రెండూ కొనకి, రింగ్‌కి కలపండి. రెండు స్విచ్‌లూ ఒకే వైపు ఉంటే రిలే లేస్తుంది, వేరువేరు వైపులుంటే పడుకుంటుంది.

ఇందులో ఒక లొసుగుంది. వైరు ఊడితే బూస్ట్ ఇక ఆన్ అవ్వదు. అందుకని ప్లగ్ లేనప్పుడు కొన ట్యాగ్‌ని ఇంకో ట్యాగ్‌కి కలిపే స్విచ్ ఉన్న స్టీరియో జాక్ కొని, ఆ అదనపు ట్యాగ్‌ని గ్రౌండ్‌కి కలపండి. అప్పుడు వైరు తీసేసినా పెడల్ తన స్విచ్‌తో మామూలుగా పనిచేస్తుంది. కోరస్‌కి చిన్న 3.5 జాక్, దీనికి పెద్ద 6.35 స్టీరియో జాక్ పెట్టమంటాను. చీకట్లో హడావిడిలో ఒకదానిది ఇంకోదానికి పెట్టే ప్రమాదం ఉండదు. పెద్ద జాక్ పక్కన ‘రిమోట్’ అని చెరగని ఇంకుతో రాయండి. మైక్ సెట్ కుర్రాళ్లు అందులో మాండలిన్ వైరు గుచ్చకుండా ఉంటారు.

మోకాలి పెట్టె గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇవన్నీ చేసేది దానికోసమే. అది ఎత్తు తక్కువగా, బరువుగా ఉండాలి. తేలిగ్గా ఉంటే నొక్కినప్పుడు జంపఖానా మీద జారిపోతుంది. టేకు చెక్క ముక్క తొలిచి, అడుగున ఇనుప పట్టీ, దాని కింద రబ్బరు అతికిస్తే కదలదు. స్విచ్ ఎన్నుకునేటప్పుడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని నొక్కి చూడండి. షాపు గోలలో వినిపించని ‘టిక్’ ఆలాపన మధ్య నిశ్శబ్దంలో, మీ ముందున్న మైకులో, స్పష్టంగా వినిపిస్తుంది. కోరస్‌కి మెత్తటి రబ్బరు బటన్ దొరుకుతుంది. బూస్ట్‌కి త్రీపీడీటీనే మళ్లీ పెట్టకండి, అది బూటు కాలికి చేసింది, గట్టిగా ఉంటుంది, టక్‌మంటుంది. రెండు బటన్లకీ మధ్య కనీసం నాలుగు వేళ్ల ఎడం ఉంచండి. ఎక్కడ పెట్టాలన్నది నేను ఇక్కడినుంచి చెప్పలేను. వాయిస్తూ, కళ్లు మూసుకుని, కుడి మోకాలు ఒక పక్కకి కొద్దిగా వాల్చితే ఎక్కడ తగులుతుందో అక్కడ సుద్దతో గీత గీసుకోండి. లైటు పెట్టొద్దు. కోరస్ ఉందో లేదో మీ చెవికి తెలుస్తుంది, గురువుగారి మాటా నిలబడుతుంది.

రెడీమేడ్‌గా కావాలంటే కోరస్‌కి మాత్రం బాస్ ఎఫ్‌ఎస్-5యు అనే ఫుట్‌స్విచ్ పనికొస్తుంది, అది కాలింగ్ బెల్ రకమే. దాని అన్నదమ్ముడు ఎఫ్‌ఎస్-5ఎల్ నిలిచిపోయే రకం, అది కొనకండి. కీబోర్డు సస్టెయిన్ పెడల్ ఇంట్లో ఉంటే మల్టీమీటర్‌తో చూడండి. నొక్కనప్పుడే బీప్ వస్తే అది ఉల్టా రకం. దాన్ని తగిలిస్తే పెడల్ మీది స్విచ్ పనిచేయడం మానేస్తుంది. వైర్‌లెస్ రిమోట్ బోర్డుల గురించి కూడా కొందరు చెబుతారు. వందల ఫోన్లు, వైర్‌లెస్ మైకులు ఉండే హాల్లో నాకు వాటి మీద నమ్మకం లేదు.

కోరస్ పని ఒక ఆదివారం మధ్యాహ్నం మీరే చేసుకోగలరు, ముందు అదే చేయండి. దానితో రెండు మూడు కచేరీలు వాయించాక, బూస్ట్ నిజంగా పాట మధ్యలో మార్చాల్సి వస్తోందో లేదో గమనించండి. చాలామంది తనియావర్తనం (మృదంగం ఒక్కటే వాయించే భాగం) అయ్యాక ఒకసారి వేసి అలాగే ఉంచేస్తారు. మీరూ అంతే అయితే ఆ పెడల్‌ని విప్పకుండా వదిలేయండి. మార్చాల్సి వస్తోందంటే మాత్రం రిలే పని ఆ పెడల్ చేసిచ్చిన మిత్రుడి చేతే చేయించండి, సర్క్యూట్ ఆయనకి కంఠతా వచ్చి ఉంటుంది. ఈ ఉత్తరం ఆయనకి చూపించండి. మోకాలి పెట్టెలో రెండో బటన్‌కి చోటు మాత్రం ఇప్పుడే వదిలి పెట్టుకోండి, తర్వాత మళ్లీ చెక్క తొలవక్కర్లేదు.